ఓనమాల బడి, కర్రసాము బరి

ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లలో బిడ్డకు అక్షరాలు దిద్దించాలనగానే తల్లిదండ్రుల మనసు ముందు బాసర మీదికి పోతుంది. గోదావరి ఒడ్డున జ్ఞాన సరస్వతి గుడి. ఆ ఊరు నిన్నటిదాకా ఆదిలాబాద్, ఇప్పుడు నిర్మల్ జిల్లాలో ఉన్నా ఇందూరు (నిజామాబాదు) వాళ్లకు ఎప్పుడూ పరాయిది కాదు. వసంత పంచమి నాడు అక్కడ ఒళ్లో కూర్చున్న పిల్లల చూపుడువేలు పట్టుకుని బియ్యంలో అక్షరం రాయిస్తారు. చదవడం ఇంకా రాదు, చెయ్యి మాత్రం చదువులో పడింది.

వీధిబడి పద్ధతీ అదే. 1823 ఆగస్టులో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకు పంపిన నివేదికలో ఆ బడి మొత్తం కళ్లకు కడుతుంది. తొమ్మిది లక్షలకు పైగా జనం ఉన్న ఆ జిల్లాలో 533 బడులు, వాటిలో 226 తెలుగువి. ఐదేళ్ల వయసులో పిల్లవాణ్ణి బడిలో వేసేవారు. వినాయకుడి ముందు బియ్యంలో రాయించాక, ఇసుకలో వేలితో దిద్దుడు మొదలయ్యేది. పొద్దున ఆరింటికే బడి. అందరికంటే ముందొచ్చిన వాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్నా, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడి నుంచి బెత్తం దెబ్బలు ఒక్కొక్కటీ పెరిగేవి. తెలుగు పల్లెల్లో ఈ ఆనవాయితీయే ‘శ్రీ, చుక్క’గా చాలాకాలం నిలిచింది.

ఇసుక తర్వాత పలక. అప్పటికి అది రాతి పలక కాదు. నున్నగా చిత్రిక పట్టిన చెక్కకు అన్నం, బొగ్గుపొడి కలిపి పూసేవారు. గుడ్డకు గంజి పెట్టి, మడతలు వేసి, బొగ్గూ జిగురూ పట్టించిన కడితం మరొకటి. దాని మీద బలపంతో రాసి, తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాయవచ్చు. వ్యాపారులు లెక్కలు రాసుకున్నదీ ఈ కడితాల మీదే. పసుపు అమ్ముకునే ఆర్మూరు సీమలో ఈ చదువు విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. కాడి ఎంత తూగింది, మండ ఎంత పలికింది, అడ్తిదారు ఎంత పట్టుకున్నాడు అన్నది తక్‌పట్టీ (అమ్మకం చీటీ) చదవగలిగిన రైతుకే తెలుస్తుంది.

ఇసుక రాతకు సముద్రాలు దాటిన చరిత్ర కూడా ఉంది. మద్రాసులో సైనికుల అనాథ పిల్లల బడి నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బడిలోనూ పెట్టాడు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు నేర్పే పద్ధతితో కలిపి 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. దానికి ఇంగ్లండులో ‘మద్రాసు పద్ధతి’ అనే పేరు పడింది.

నిజాం ఇలాకాలో కథ వేరు. సర్కారు బడిలో చదువు ఉర్దూలో. తెలుగు నేర్పేది ఊరివాళ్లు పెట్టుకున్న ఖాన్గీ బడి. 1924 నాటికి ఆ బడి పెట్టాలన్నా సర్కారు అనుమతి కావాలన్న నిబంధన వచ్చింది. 1937లో నిజామాబాదులోనే జరిగిన ఆంధ్ర మహాసభ దాకా, తల్లిభాషలో చదువు కావాలన్న మాట సభ సభలోనూ వినిపిస్తూనే ఉంది.

అనుమతి బెడద అక్షరాలతో ఆగలేదు. తాలింఖానాలు, అఖాడాలు కూడా ఆ కట్టడిలోకే వచ్చాయి. మట్టి బరిలో కుస్తీ, కర్రసాము, కత్తిసాము నేర్పే చోట్లవి. 1938–39లో ఆర్యసమాజం సాగించిన సత్యాగ్రహానికి దారితీసిన ఫిర్యాదుల్లో బడుల మీద ఆంక్షలూ అఖాడాల మీద ఆంక్షలూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఈ జంటను తేలిగ్గా తీసుకోకూడదు. రాయడం వచ్చిన చెయ్యి అర్జీ పెడుతుంది, కర్ర తిప్పడం వచ్చిన చెయ్యి బెదిరింపుకు లొంగదు. రెండింటినీ ఒకే కంట కనిపెట్టుకుని ఉండాలని సర్కారుకు తోచింది. నిజాం పాలన ఆఖరి రోజుల్లో నిజామాబాదు ఖిల్లా జైల్లో ఉన్న కవి దాశరథి, జైలు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. కాగితం ఇవ్వకపోయినా రాత ఆగదని ఆ గోడే సాక్ష్యం.

తాలింఖానా విద్య పూర్తిగా పోలేదు. పీర్ల పండుగ ఊరేగింపుల్లో కర్రసాము ఉంది. నిజామాబాదు పల్లెల్లో పండుగలకు కుస్తీ పోటీలు పెడతారు. కొబ్బరికాయ కుస్తీతో మొదలై, గెలిచిన మల్లుడి చేతికి వెండి కడెం తొడగడంతో అవి ముగుస్తాయి.

ఇంత చరిత్రలో ఆడపిల్ల ఎక్కడుంది? క్యాంప్‌బెల్ లెక్కలో 6,641 మంది పిల్లలుంటే, వారిలో హిందూ బాలికలు 60 మంది. మట్టి బరిలోకి ఆ కొద్దిమందినీ రానివ్వలేదు. చేతికి పని నేర్పే చోటుకు ఆడపిల్లలు ధైర్యంగా వెళ్లగలిగింది చాలా తర్వాత, చిన్న పట్నాల్లోనూ టైపు ఇన్‌స్టిట్యూట్లు వెలిశాక. లోయరు పరీక్షకు నిమిషానికి 30 మాటలు, హయ్యరుకు 45. ఆ సర్టిఫికెట్‌తో ఎందరో అమ్మాయిలు ఆఫీసుల్లో కాలుపెట్టారు. 1966లో తెలుగు అధికార భాష అయ్యాక తెలుగు టైపుకూ గిరాకీ వచ్చింది. ఒత్తులనూ గుణింతాలనూ మీటల మీద ఇమిడ్చిన ఆ యంత్రం మీద వేళ్లకు మళ్లీ ఓనమాల దగ్గర్నుంచి తర్ఫీదు కావలసి వచ్చింది.

కత్తి దాకా రావడానికి ఇంకాస్త కాలం పట్టింది. తమిళనాడు అమ్మాయి భవానీ దేవి బడిలో ఉండగా వెదురు కర్రలతో ఫెన్సింగ్ సాధన చేసి, 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో భారత్ తరఫున తొలి ఫెన్సర్‌గా నిలిచింది. ఆ మరుసటి ఏడు మేలో, నిజామాబాదులో తండ్రి ప్రోత్సాహంతో పిడికిలి బిగించడం నేర్చిన నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో 52 కిలోల బాక్సింగ్ ప్రపంచ టైటిల్ గెలిచింది.