ఈకల చెట్టునుండి ప్లాస్టిక్ కొమ్మ వరకు

క్రిస్మసు పండుగకు ఇంటిలో నిలుపు చెట్టు నిజమైన చెట్టే కానక్కరలేదను ఊహ అడవులకు పేరుపొందిన జర్మనీ దేశముననే బలపడినది. వినుటకు వింతగా తోచును గాని, కారణము తెలిసినచో అంత వింత కాదు.

స్ట్రాస్‌బర్గు నగరవాసులు తమ ఇండ్లలో ఫర్ చెట్లను నిలిపి, వానికి కాగితపు గులాబీలను, ఆపిలు పండ్లను వ్రేలాడగట్టుచుండిరని 1605 నాటి యొక వ్రాత తెలుపుచున్నది. పందొమ్మిదవ శతాబ్దము నాటికి అది ఇంటింటి వేడుక యయ్యెను. 1848లో విక్టోరియా రాణి కుటుంబము విండ్సరు కోటలో అట్టి చెట్టు చుట్టును నిలిచియున్న చిత్రమును ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ పత్రిక ప్రకటించెను. దానితో ఇంగ్లండునందును ఆ మోజు పెరిగెను.

ఇంటింటికిని ఒక చెట్టు కావలెనన్నచో అడవి యేమి కావలెను? పైగా కొందరు పెరుగుచున్న చెట్టు కొనను మాత్రము కోసికొని పోవుచుండిరి. కొన పోయిన ఫర్ చెట్టు నిటారుగా పెరుగదు, మంచి కలప నీయదు. ఈ బెంగ జర్మనీలో ప్రబలినపుడు అక్కరకు వచ్చినవి పెద్దబాతు ఈకలు. నవంబరులో సెయింట్ మార్టిన్ పండుగనాడును, క్రిస్మసునాడును పెద్దబాతును వండుట ఆ దేశాచారము. కనుక ఈకలకు కొదువ లేదు. ఈకను చీల్చి, ఆకుపచ్చ రంగు అద్ది, తీగకు చుట్టినచో కొమ్మ. అట్టి కొమ్మలను నిలువు కఱ్ఱకు గ్రుచ్చినచో చెట్టు. కొమ్మకును కొమ్మకును నడుమ చాల ఎడముండెడిది. అలంకారములు విడివిడిగా వ్రేలాడుటకును, మైనపు వత్తి మంట పైకొమ్మకు తగులకుండుటకును ఆ ఎడము ఉపకరించెను. దానిని చూచి అడవిచెట్టని యెవ్వరును భ్రమపడి యుండరు. అయినను జర్మనులు వలస పోవుచు దానిని అమెరికాకును కొనిపోయిరి.

తరువాతి మార్పు కొంతకాలమునకు జరిగినది. 1930 ప్రాంతముల అడిస్ అను బ్రష్షుల కంపెనీవారు, మరుగుదొడ్లు కడుగు బ్రష్షులను చేయు యంత్రముతోనే చెట్టు కొమ్మలను చేసిరి! నవ్వు పుట్టించు సంగతియే గాని, రెండు తీగల నడుమ కుచ్చు నుంచి మెలిత్రిప్పు ఆ పద్ధతి నేటికిని విడువబడలేదు.

నిజమైన చెట్టును పోలియుండవలెనను కోరికయే కొన్నాళ్లు మాసిపోయినది. 1959లో విస్కాన్సిన్ రాష్ట్రమందలి మానిటోవాక్ పట్టణమున ఒక అల్యూమినియం కంపెనీ ‘ఎవర్‌గ్లీమ్’ అను వెండివన్నె చెట్టును తయారు చేసి లక్షలాదిగా విక్రయించెను. లోహపు చెట్టుకు విద్యుద్దీపములను చుట్టినచో షాకు కొట్టు ప్రమాదమున్నది. కావున రంగుల చక్రమొకటి క్రింద తిరుగుచు దానిపై వెలుగు ప్రసరించెడిది. 1965లో అమెరికా టెలివిజనులో ప్రసారమైన ‘ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్’ అను బొమ్మల చిత్రమున ఒక బాలుడు అల్యూమినియం చెట్టు తెమ్మని పంపగా, బక్కచిక్కిన నిజమైన మొక్కను తెచ్చును. అటుతరువాత వెండిచెట్ల మోజు త్వరగానే తగ్గిపోయెను.

వాని స్థానమును ఆక్రమించినది ప్లాస్టిక్. పి.వి.సి. రేకును సన్నగా కత్తిరించి, తీగల నడుమ మెలిత్రిప్పి చేసిన కొమ్మ దూరమునుండి పచ్చగా కనిపించును. దగ్గరకు పోయినచో ఆకులు బల్లపరుపుగా, కాగితపు కుచ్చువలె నుండును. పాత పి.వి.సి. చెట్లలో సీసము కలుపు వాడుక కూడ ఉండెను. పాలీఎథిలిన్ కొమ్మల తీరు వేరు. నిజమైన కొమ్మల అచ్చు తీసి, ఆ మూసలలో ప్లాస్టిక్ పోయుదురు. అందుచే సూదియాకు లావు, వంపు, కొనవద్ద లేతవన్నె అన్నియు దానికి వచ్చును. అది బరువు, వెల హెచ్చు. కనుక బయటి కొనలకు మాత్రము దానిని వాడి, లోపల పి.వి.సి. నింపిన చెట్లే అంగళ్లలో పెక్కు. కొనువారు కొమ్మను ప్రక్కకు తొలగించి లోపల చూడవలెను. అచట గోధుమవన్నె కాండము కనబడుచున్నదా, వట్టి తీగయే మెరయుచున్నదా యనునదే పరీక్ష.

‘నిజమువలె’ అనగా దేనివలె? మన కోస్తాతీరమున సరుగుడు కొమ్మను నిలిపి నక్షత్రము కట్టిన ఇంటివారికి అచ్చమైన జర్మను ఫర్ కంటె ఆ వ్రేలాడు సన్నని పచ్చదనమే పండుగ చెట్టు.

ఒక విపర్యాసము మిగిలియున్నది. ఈకల చెట్టు అడవిని కాపాడుటకు పుట్టినది. నేడు అమెరికాలో పండుగకు అమ్ముడగు నిజమైన చెట్లు చాలవరకు అందులకై నాటి పెంచిన తోటలలోనివి. ప్లాస్టిక్ చెట్టుకు ముడిసరకు ముఖ్యముగా భూగర్భ ఇంధనములు. 2009లో మాంట్రియలులోని ఎలిప్సోస్ సంస్థ లెక్కకట్టి, సుమారు 20 ఏండ్లు వాడిననే గాని కృత్రిమ వృక్షము వాతావరణమునకు ఏటేట తెచ్చు నిజమైన చెట్టుకంటె మేలు కాజాలదని తేల్చినది. ఇరువది పండుగలకు నిలువవలసిన చెట్టును కొనునపుడు ఆకుల నిగనిగకంటె ముందు చూడదగినవి క్రింది పీట గట్టితనము, కొమ్మలు మడచు కీలు, తిరిగి భద్రపరచుటకు దృఢమైన పెట్టె.