3డీ టీవీ: కొన్నది ఫుల్ హెచ్‌డీ.. కంటికి అందింది పావు వంతే! ఎందుకలా?

3డీ టీవీ కొన్నవాళ్లలో చాలామందికి ఒక అనుమానం అలాగే ఉండిపోయింది. మామూలు హెచ్‌డీ ఛానల్ పెడితే బొమ్మ అద్దంలా ఉంటుంది. అదే టీవీలో 3డీ పెట్టి కళ్లజోడు తగిలిస్తే లోతు వస్తుంది కానీ పదును పోతుంది. తప్పు కంటిది కాదు. ప్రసారంలో ఒకసారి, టీవీ తెరలో ఇంకోసారి.. బొమ్మకు రెండు చోట్ల కోత పడుతుంది.

మొదటి కోత: ప్రసారంలో

అమలాపురం పక్కనే ఉన్న బండారులంక చేనేతకు పేరున్న ఊరు. ఈ లెక్క అక్కడి మగ్గం దగ్గర తేలిగ్గా అర్థమవుతుంది. అచ్చులో ఎన్ని పళ్లుంటే దాన్ని బట్టే పడుగు పోగులు. నిండు వెడల్పుకు వేసిన డిజైన్‌ను సగం పోగుల్లో నేయాలంటే సన్నటి గీతలు ఎగిరిపోతాయి. ఆ తర్వాత బట్టను ఎంత సాగదీసినా పోయిన గీతలు తిరిగి రావు.

3డీ ప్రసారంలో జరిగింది ఇదే. ఫుల్ హెచ్‌డీ ఫ్రేమ్ అంటే 1920×1080. మొత్తం 20.7 లక్షల పిక్సెల్స్. 3డీకి ఎడమ కంటికి ఒకటి, కుడి కంటికి ఒకటి.. రెండు బొమ్మలు కావాలి. కానీ ఛానల్ బ్యాండ్‌విడ్త్, ఇళ్లలోని సెట్‌టాప్ బాక్సులు అన్నీ ఒక్క బొమ్మకు సరిపడేలా తయారైనవే. అందుకే రెండింటినీ కుదించి ఒకే ఫ్రేమ్‌లో ఇరికించారు.

* సైడ్ బై సైడ్: రెండు బొమ్మలు పక్కపక్కనే. ఒక్కో కంటికి 960×1080. 1080ఐ ఛానళ్లు ఎక్కువగా ఈ పద్ధతే వాడాయి.
* టాప్ అండ్ బాటమ్: ఒకటి పైన, ఒకటి కింద. 720పీ ఛానల్ అయితే ఒక్కో కంటికి 1280×360.

ఏ పద్ధతైనా సగం పోయినట్టే. టీవీ ఆ సగాన్ని సాగదీసి తెర నిండా చూపిస్తుంది.

రెండో కోత: టీవీ తెరలో

యాక్టివ్ కళ్లజోడు టీవీలు ఎడమ, కుడి బొమ్మలను ఒకదాని తర్వాత ఒకటి తెర నిండా చూపిస్తాయి. ఇక్కడ కొత్తగా పోయేది లేదు. తేలికైన, చవకైన పాసివ్ కళ్లజోడు టీవీల్లో అలా కాదు. 1080 లైన్లలో ఒక లైను ఎడమ కంటికి, తర్వాతి లైను కుడి కంటికి. అంటే కంటికి 540 లైన్లే. మగ్గం భాషలో చెప్పాలంటే, ప్రసారంలో పడుగు సగమైతే ఇక్కడ పేక కూడా సగమైంది.

మిగిలింది 960×540, అంటే 5.18 లక్షల పిక్సెల్స్. హెచ్‌డీలో సరిగ్గా పావు వంతు. పాత ఎస్‌డీ ప్రసారంలోనే 720×576, అంటే 4.15 లక్షల పిక్సెల్స్ ఉంటాయి. రెండు కళ్ల లైన్లను మెదడు కలిపేసుకుంటుందని తయారీదారులు వాదించారు. అది కొంతవరకు నిజమే అయినా, ప్రసారంలో పోయిన సగాన్ని మెదడు కూడా తేలేదు.

మరి థియేటర్‌లో?

కల్యాణ్‌రామ్ ‘ఓం 3డీ’ (2013), అనుష్క ‘రుద్రమదేవి’ (2015) లాంటి సినిమాలను థియేటర్‌లో 3డీలో చూసినవాళ్లకు ఈ తేడా తెలుస్తుంది. అక్కడ ప్రొజెక్టర్ ఒక్కో కంటికి పూర్తి ఫ్రేమ్ చూపిస్తుంది. 3డీ బ్లూ-రే డిస్క్‌లోనూ రెండు కళ్లకూ ఫుల్ హెచ్‌డీ ఉంటుంది. కోత పడింది ఛానళ్లకే.

చివరికి ఏమైంది?

అమెరికాలో ఈఎస్‌పీఎన్ 3డీ, బ్రిటన్‌లో స్కై 3డీ 2010లో మొదలయ్యాయి. మొదటిది 2013లో, రెండోది 2015లో మూతపడ్డాయి. 2017 నాటికి సామ్‌సంగ్, ఎల్‌జీ, సోనీ కూడా 3డీ టీవీలకు గుడ్‌బై చెప్పాయి. కళ్లజోడు గోల, కార్యక్రమాల కొరతతో పాటు ఈ మసక బొమ్మ కూడా జనం మొగ్గకపోవడానికి ఒక కారణం. విచిత్రం ఏంటంటే, 4కే పాసివ్ తెరతో 540 లైన్ల సమస్య తీరిపోయింది. కానీ అప్పటికే ఆలస్యమైంది.

ఫోన్‌లో చూసేవాళ్లకూ ఇదే లెక్క

వీఆర్ బాక్సులో ఫోన్ పెట్టి 3డీ వీడియో చూస్తే తెర రెండుగా చీలుతుంది. ఫుల్ హెచ్‌డీ తెరలోనూ ఒక్కో కంటికి దక్కేది సగమే. పైగా లెన్సు దాన్ని పెద్దది చేసి చూపిస్తుంది కాబట్టి చుక్కలు బయటపడతాయి. అందుకే డౌన్‌లోడ్ చేసే ముందు ఒక్క మాట చూసుకోవాలి. ‘హాఫ్ ఎస్‌బీఎస్’ అని ఉంటే బొమ్మ ముందే సగానికి కుదించేసినట్టు. ‘ఫుల్ ఎస్‌బీఎస్’ అంటే 3840×1080, కంటికి పూర్తి హెచ్‌డీ. డేటా మాత్రం ఎక్కువ ఖర్చవుతుంది.