హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్, బ్యాకప్ బ్యాటరీ: వాడకం, జాగ్రత్తలు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు విశాఖ జిల్లాలో చాలా గ్రామాలకు రోజుల తరబడి కరెంటు లేదు. తగరపువలస, భీమిలి పరిసరాల్లో పాడి, కోళ్లు పెంచే రైతులు బ్యాకప్ కరెంటు ఏర్పాటు ముందే చూసుకోవాలి. డీజిల్ జనరేటర్, ఇన్వర్టర్‌తో పాటు ఇప్పుడు హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ పేరు కూడా వినిపిస్తోంది. పరవాడ దగ్గరి సింహాద్రి విద్యుత్ కేంద్రంలో 50 కిలోవాట్ల ఫ్యూయల్ సెల్‌తో సాయంత్రం 5 నుంచి ఉదయం 7 వరకు కరెంటు ఇచ్చే ప్రాజెక్టును ఎన్‌టీపీసీ 2021 డిసెంబరులో ప్రకటించింది.

ఎలా పనిచేస్తుంది?
హైడ్రోజన్, గాలిలోని ఆక్సిజన్ కలిసి కరెంటు, నీరు, వేడి వస్తాయి. పొగ ఉండదు. మోటారు స్టార్టయ్యేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటును ఫ్యూయల్ సెల్ వెంటనే ఇవ్వలేదు. ఆ భారాన్ని బ్యాటరీ మోస్తుంది. యూనిట్‌లోని ఫ్యాను, వాల్వులు మొదట నడిచేదీ బ్యాటరీతోనే. అది డౌన్ అయితే గ్యాస్ ఉన్నా యూనిట్ స్టార్ట్ కాదు.

నడిపే పద్ధతి
1. ముందు బ్యాటరీ ఛార్జింగ్ చూడండి.
2. సిలిండర్ వాల్వు నెమ్మదిగా తిప్పండి. కీళ్ల దగ్గర సబ్బు నురగ రాసి, బుడగలు వస్తే వెంటనే కట్టేయండి.
3. యూనిట్ సిద్ధమయ్యాక లైట్లు ముందు, మోటారు చివర వేయండి.
4. ఆపేటప్పుడు ముందు లోడ్లు, తర్వాత యూనిట్, చివరికి గ్యాస్ కట్టండి.
5. ఛేంజ్‌ఓవర్ స్విచ్ లేకుండా ఇంటి వైరింగుకు కలపకూడదు. కరెంటు వెనక్కి లైనులోకి వెళితే స్తంభం మీదున్న లైన్‌మన్ ప్రాణానికే ప్రమాదం.

జాగ్రత్తలు
హైడ్రోజన్‌కు రంగు, వాసన లేవు. పగటి వెలుతురులో దాని మంట సరిగా కనిపించదు. తేలికైన వాయువు కనుక పైకప్పు కింద చేరుతుంది. షెడ్డుకు పైభాగంలో గాలి పోయే దారి ఉంచాలి. దగ్గర బీడీ, నిప్పు, నిప్పురవ్వలు పనికిరావు. సిలిండర్లను నిలబెట్టి గొలుసుతో కట్టాలి. వరద నీరు అందని అరుగు మీద పెట్టాలి. కోళ్ల షెడ్డు గాలిలోని అమ్మోనియా, సముద్రపు ఉప్పు గాలి ఫ్యూయల్ సెల్‌ను పాడుచేస్తాయి. వాటికి దూరంగా ఉంచండి. లీకు ఎక్కువైతే స్విచ్చులు ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చి 101కు ఫోన్ చేయాలి.

మీ ఇంట్లోని లెడ్ యాసిడ్ ఇన్వర్టర్ బ్యాటరీ కూడా ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది. దాన్ని మూసిన గదిలో పెట్టకండి. డిస్టిల్డ్ వాటర్ గీతల మధ్య ఉండేలా నెలకోసారి చూడండి. సగం కంటే ఎక్కువ ఖాళీ చేయకండి. తుపాను హెచ్చరిక రాగానే పూర్తిగా ఛార్జ్ చేసుకోండి.

చిన్న రైతుకు లాభమేనా?
కిలో హైడ్రోజన్‌తో సుమారు 15 నుంచి 18 యూనిట్ల కరెంటు వస్తుంది. ఆ కిలో తయారీకి 50 యూనిట్లకు పైగా ఖర్చవుతుంది. మామూలు పెద్ద సిలిండర్‌లో పట్టేది అర కిలోకు కాస్త ఎక్కువ. 3 హెచ్‌పీ మోటారు దాదాపు మూడు గంటలు నడుస్తుంది, అంతే. ఒక్క కుటుంబానికి ప్రస్తుతం సోలార్, మంచి బ్యాటరీ చాలు. పాల సేకరణ కేంద్రం వంటి ఉమ్మడి అవసరానికైతే సంఘంగా ఆలోచించవచ్చు. అప్పుడు కూడా గ్యాస్ క్రమంగా దొరికే ఏర్పాటు, మరమ్మతు చేసే మనిషి దగ్గర్లో ఉన్నారని తేల్చుకున్నాకే డబ్బు పెట్టండి.