తాళ్వారం ఒక్క ఇంటిది కాదు

పుదుచ్చేరిలో తరాలుగా ఉంటున్న మా బోటి తెలుగిళ్ళల్లో ‘తాళ్వారం’ అనే మాట ఇంకా వినబడుతుంది. తమిళంలో ‘తాళ్’ అంటే కిందికి వంగడం. చెక్క స్తంభాల మీద వీధి వైపుకి వాలుగా దింపిన పెంకుల పంచ అది. దాని వెనక, తలుపు పక్కన ఎత్తుగా కట్టినది తిన్నె. గోదావరి వాళ్ళకి అది అరుగు. ఇంటి మధ్య ఆకాశం కనబడే చోటు వాళ్ళకి మండువా, మాకు ముట్రం. యానాం నుంచి చుట్టాలొస్తే ఈ మాటల దగ్గరే నవ్వులాట.

1761లో ఇంగ్లీషువాళ్ళు ఈ ఊరిని నేలమట్టం చేశారు. 1765లో ఫ్రెంచివాళ్ళు తిరిగొచ్చి మళ్ళీ కట్టడం మొదలుపెట్టారు. కాలవకి పడమట, తమిళుల పేటలో ఇళ్ళు గోడకి గోడ ఆనించి లేచాయి. కొన్నిటికి కింద తాళ్వారం, తిన్నె. మేడ మీద మాత్రం ఫ్రెంచి తరహా కిటికీలు, పిట్టగోడలు. తాళ్వారాలన్నీ వరసగా కలిసిపోవడంతో దారినపోయేవాడికి కూడా నీడ దొరికేది.

అందుకే ఇలాంటి ఇంటిని ఒంటరిగా కాపాడలేం. అన్నదమ్ములు పంచుకుని ఒక వాటా పడగొట్టి కాంక్రీటు మేడ లేపితే, ఉమ్మడి గోడ వానకి బయటపడుతుంది, పక్కింటి దూలాలకి నీళ్ళు దిగుతాయి. నీడ వరస కూడా అక్కడే తెగిపోతుంది. అలాగని వాళ్ళని తప్పుపట్టలేం. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తక్కువ, మరమ్మతు ఖర్చేమో ఎక్కువ. పైగా ముట్రం వదిలేస్తే గది ఒకటి కలిసొస్తుంది.

వైశ్యాళ్ వీధిలో, అంటే ఇప్పటి కల్వే సుబ్బరాయ శెట్టి వీధిలో, వేరే దారి పట్టారు. 2002 తర్వాత యూరోపియన్ యూనియన్ ఆసియా అర్బ్స్ పథకం కింద ఇన్‌టాక్ ఒక్కో ఇంటిని కాకుండా వీధి మొత్తాన్నీ ఒకే కట్టడంగా చూసి ముందుభాగాలు బాగుచేయించింది. తర్వాత యునెస్కో ప్రాంతీయ పురస్కారం కూడా వచ్చింది.

మాటల సంగతీ అంతే. తాళ్వారం లేని అపార్ట్‌మెంటులో పెరిగే పిల్లకి ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా నోట నిలవదు. ‘తాళ్వారంలో చెప్పులు విడిచి రా’ అనాలంటే ముందు తాళ్వారం ఉండాలి కదా. మీ ఇళ్ళల్లో దీన్ని ఏమంటారో రాయండి. పంచా, వసారానా, ఇంకేదైనానా?