వోటరు మనసును కొలిచిన కథ

కుండెడు అన్నం ఉడికినదో లేదో తెలుసుకొనడానికి గృహిణి అన్నమంతా పట్టి చూడదు. గరిటెతో ఒకసారి కలియబెట్టి, పైకి వచ్చిన మెతుకును రెండు వేళ్ళ మధ్య నొక్కి చూస్తుంది. ప్రతిచయన సిద్ధాంతాన్ని ఇంతకన్న చక్కగా వివరించిన గ్రంథం నాకు కనబడలేదు. అయితే మనలో చాలామంది ఆ మెతుకును గుర్తుంచుకొని గరిటెను మరచిపోతారు. అడుగున మాడి పైన పలుకుగా ఉన్న కుండలో, కలపకుండా పైనుంచి గుప్పెడు మెతుకులు తీసి చూచినా కుండ సంగతి తెలియదు. ఎన్నికలకు ముందు ప్రజాభిప్రాయాన్ని కొలిచే విద్యకు రెండువందల సంవత్సరాల చరిత్ర ఉన్నది. అందులో చాలా భాగం ఈ గరిటె కథయే.

1824లో అమెరికా అధ్యక్ష ఎన్నికకు ముందు హారిస్‌బర్గ్ పత్రిక ఒకటి, డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్ పట్టణంలో కొందరిని మీ మొగ్గు ఎవరివైపని అడిగిన ఫలితాన్ని ప్రకటించినది. ఆండ్రూ జాక్సన్‌కు 335, జాన్ క్విన్సీ ఆడమ్స్‌కు 169, తక్కిన ఇద్దరికీ కలిపి 28 వచ్చినవి. గాలి ఎటు వీస్తున్నదో చూడడానికి గడ్డిపరకను ఎగురవేస్తారు గదా! అందువల్ల ఇటువంటి వాటికి గడ్డిపరక వోట్లనే పేరు స్థిరపడినది. జాక్సన్‌కే ఎక్కువ వోట్లు వచ్చినవి కాని, సగానికి మించిన ఆధిక్యం ఎవరికీ రానందున ప్రతినిధుల సభ ఆడమ్స్‌ను అధ్యక్షునిగా ఎన్నుకొన్నది. వోట్లను సరిగా అంచనా కట్టినంత మాత్రాన పదవి ఎవరిదో తెలియదనే చిక్కు, ఈ విధంగా మొదటి రోజే ఎదురైనది.

ఆ తరువాత నూరేళ్ళపాటు పత్రికలు గడ్డిపరకలను ఎగురవేస్తూనే ఉన్నవి. వీటన్నిటిలో పేరు మోసినది లిటరరీ డైజెస్ట్. టెలిఫోను డైరెక్టరీలనుండి, మోటారు కార్ల రిజిస్ట్రేషను జాబితాలనుండి చిరునామాలు సేకరించి, లక్షలకొద్దీ కార్డులు పోస్టులో పంపి, తిరిగివచ్చిన వాటిని లెక్కించడం దాని పద్ధతి. 1920 మొదలు 1932 వరకు నాలుగు ఎన్నికలలోనూ గెలుపెవరిదో అది సరిగానే చెప్పినది. 1936లో ఏకంగా కోటి కార్డులు పంపినది. సుమారు 23 లక్షల 76 వేలు తిరిగివచ్చినవి. రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ 55 శాతం వోట్లతో గెలుస్తాడని, రూజ్వెల్టుకు 41 శాతమే వస్తుందని డైజెస్ట్ ప్రకటించినది. వోట్లు లెక్కించగా రూజ్వెల్టుకు దాదాపు 61 శాతం వచ్చినది. లాండన్‌కు దక్కినవి మెయిన్, వెర్మాంట్ అనే రెండు చిన్న రాష్ట్రాలు మాత్రమే. మరి రెండేళ్ళకు ఆ పత్రికే మూతపడినది.

ఆ సంవత్సరమే జార్జి గ్యాలప్ అనే యువకుడు దాదాపు 50 వేలమందిని మాత్రమే అడిగి రూజ్వెల్టు గెలుస్తాడని చెప్పినాడు. అంతకన్న విచిత్రమైన పని మరొకటి చేసినాడు. డైజెస్ట్ వాడే జాబితాలవంటి వాటినుండే సుమారు 3 వేలమందిని ఎంపిక చేసి కార్డులు పంపి, డైజెస్ట్ తన కార్డులు పంపకముందే, లాండన్‌కు 56 శాతమని అది చెప్పబోతున్నదని పత్రికలలో ప్రకటించినాడు. ఆ అంచనాకు, డైజెస్ట్ చెప్పినదానికి తేడా ఒక్క శాతం. 23 లక్షల కార్డులు చెప్పిన తప్పునే 3 వేల కార్డులు కూడా చెప్పగలిగినవన్నమాట! గరిటె పెట్టకుండా గుప్పెడు మెతుకులు చూచినా, గంపెడు చూచినా ఒకటే.

టెలిఫోనూ కారూ ఉన్నవారు ధనవంతులు గనుక రిపబ్లికన్ల వైపు మొగ్గినారనీ, అదే డైజెస్ట్ పతనానికి కారణమనీ పాఠ్యపుస్తకాలలో చదువుకొంటాము. ఇది సగం నిజం. 1937లో గ్యాలప్ సంస్థ కొందరిని నీకు డైజెస్ట్ కార్డు అందినదా, తిరిగి పంపినావా, వోటు ఎవరికి వేసినావు అని అడిగినది. ఆ సమాధానాలను పెవెరిల్ స్క్వైర్ అనే రాజనీతి శాస్త్రజ్ఞుడు మళ్ళీ పరిశీలించి 1988లో ఒక వ్యాసం ప్రచురించినాడు. కార్డు అందినవారిలో కూడా ఎక్కువమంది రూజ్వెల్టు పక్షమే! కాని కార్డును తిరిగి పంపే శ్రద్ధ చూపినవారిలో మాత్రం లాండన్ పక్షంవారు ఎక్కువ. జాబితాలో లోపం ఉన్నమాట వాస్తవమే. కాని మాట్లాడనివారి మౌనం అంతకన్న పెద్ద లోపం. నేటికీ ఈ విద్యను పీడిస్తున్న జబ్బు ఇదే.

గ్యాలప్ పద్ధతికి కూడా 1948లో గండం వచ్చినది. డ్యూయీకి 49.5, ట్రూమన్‌కు 44.5 శాతమని అతని చివరి అంచనా. రోపర్, క్రాస్లీ అనే తక్కిన ఇద్దరు ప్రముఖులూ డ్యూయీనే గెలిపించినారు. రోపరు అయితే ఇక అడగవలసినదేమీ లేదని సెప్టెంబరులోనే విచారణ ఆపివేసినాడు. డ్యూయీ చేతిలో ట్రూమన్ ఓడినాడన్న శీర్షికతో చికాగో ట్రిబ్యూన్ అచ్చయినది. గెలిచిన ట్రూమన్ ఆ పత్రికను రెండు చేతులా ఎత్తిపట్టుకొని నవ్వుతున్న ఛాయాచిత్రాన్ని చూడనివారు అరుదు.

ఫ్రెడరిక్ మోస్టెల్లర్ ప్రభృతులు దీనిని విచారించి 1949లో నివేదిక వెలువరించినారు. ఆఖరి వారాలలో వోటర్లు మనసు మార్చుకొన్న సంగతిని పట్టించుకొనకపోవడం ఒక కారణం. ఎంపిక విధానం మరొకటి. ఇంతమంది పురుషులు, ఇంతమంది స్త్రీలు, ఇంతమంది బీదలు అని వంతులు నిర్ణయించి, ఆ వంతులకు లోబడి ఎవరిని అడగాలో ప్రశ్నలడిగే ఉద్యోగి ఇష్టానికే వదలిపెట్టేవారు. మనిషి సహజంగా తనకు తేలికగా దొరికేవారి దగ్గరకు, మర్యాదగా పలికేవారి దగ్గరకు పోతాడు. 1936 నుండి 1948 వరకు నాలుగు ఎన్నికలలోనూ ఈ పద్ధతి రిపబ్లికన్లకు రావలసినదానికన్న ఎక్కువే చూపినది. మొదటి మూడింటిలో గెలుపు తేడా పెద్దది గనుక లోపం కనబడలేదు. అటు తరువాతనే ఎంపికను మనిషి చేతినుండి తీసి లాటరీకి అప్పగించినారు. లాటరీ ఎవరి మొగమూ చూడదు.

ఈ సత్యం మన దేశంలో జనుము పొలాల్లో అంతకుముందే రుజువయినది. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించిన మహలనోబిస్, 1937 మొదలుకొని బెంగాలులో జనుము విస్తీర్ణాన్ని యాదృచ్ఛికంగా ఎంచిన కొద్దిపాటి మళ్ళనుండి అంచనా వేయించినారు. ఒకే ప్రాంతానికి రెండు జట్లను విడివిడిగా పంపి, వారి లెక్కలకు తేడా ఎంతో చూచే ఏర్పాటు ఆయనదే. గణితం పొరపాటు వేరు, మనిషి పొరపాటు వేరు అని దానివల్ల తేలినది. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి. ఆర్. రావుగారు 1941లో చేరినది ఈ సంస్థలోనే.

వెయ్యిమందిని అడిగి కోట్లమంది సంగతి ఎట్లా చెబుతారని విద్యార్థులు తరచు అడుగుతుంటారు. సక్రమంగా లాటరీ వేస్తే వెయ్యిమంది మచ్చులో పొరపాటు నూటికి తొంబదియైదు పర్యాయాలు 3 శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. కుండ పెద్దదైనా చిన్నదైనా మెతుకు చెప్పే సంగతిలో తేడా ఉండదు. కాని పొరపాటును సగానికి తగ్గించాలంటే మచ్చును నాలుగింతలు చేయవలసి ఉంటుంది. కలపని కుండకు ఈ సూత్రం వర్తించదు. ఈ చివరి మాటను టెలివిజనువారు చెప్పరు!

మన దేశంలో ఎరిక్ డ కోస్టా 1954లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఒపీనియన్ స్థాపించి ఈ పనికి నాంది పలికినారు. 1967లో ఢిల్లీలోని అభివృద్ధి సమాజాల అధ్యయన కేంద్రం జాతీయ ఎన్నికల సర్వే జరిపినది. ఇక్కడ వోట్లను స్థానాలుగా మార్చడమే అసలు కష్టం. దీనికి మన రాష్ట్రంకన్న మంచి ఉదాహరణ దొరకదు. 2019 ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికలలో తెలుగుదేశానికి సుమారు 39 శాతం వోట్లకు 23 స్థానాలు దక్కినవి. 2024లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు కూడా సుమారు 39 శాతమే వచ్చినది, స్థానాలు 11. వోట్ల శాతాన్ని అణువంత తేడా లేకుండా కొలిచినా, ఎదుటి పక్షాలు కలిసినవా విడిపోయినవా అన్నదానిని బట్టి స్థానాల లెక్క తారుమారవుతుంది.

అంచనాను ప్రకటిస్తే వోటరు మనసు మారదా? గెలిచే గుర్రంవైపు కొందరు, ఓడేవాడిమీద జాలితో మరికొందరు మొగ్గవచ్చును. అట్లయితే ప్రకటించిన అంచనా ఎప్పటికీ నిజం కాజాలదని కొందరు వాదించినారు. 1954లో హెర్బర్ట్ సైమన్ దీనికి గణితంతో సమాధానమిచ్చినాడు. గళ్ళ కాగితంమీద అడ్డంగా ప్రకటించిన శాతాన్ని, నిలువుగా దానివల్ల వచ్చే అసలు ఫలితాన్ని గుర్తించండి. రెండూ 0కి 100కి మధ్యనే ఉంటవి. తెగకుండా సాగే వక్రరేఖ ఏదైనా మూలనుండి మూలకు గీచిన గీతను ఎక్కడో ఒకచోట తాకక తప్పదు. ఆ బిందువువద్ద ప్రకటించినదీ జరిగేదీ ఒకటే. అంచనా నిజం కాగలదని ఇది చెబుతుంది గాని, ప్రకటన వోటును మార్చదని చెప్పదు. ఆ బిందువు ఏదో ఎంచుకొనే అవకాశం ప్రకటించేవాడి చేతిలో ఉన్నదన్న అనుమానం కూడా ఇక్కడే పుడుతుంది.

ప్రభుత్వాలు కలుగజేసుకొన్నది ఈ అనుమానంతోనే. ఫ్రాన్సు 1977లో పోలింగుకు ముందు వారంరోజులు సర్వేల ప్రచురణను నిషేధించినది. పారిస్‌లో అచ్చుకాని అంకెలు స్విట్జర్లాండు పత్రికలలో కనబడసాగినవి. చివరకు 2002లో నిషేధాన్ని పోలింగు రోజుకు, అంతకు ముందు రోజుకు కుదించినారు. కెనడా విధించిన 72 గంటల నిషేధాన్ని ఆ దేశపు సుప్రీంకోర్టు 1998లో కొట్టివేసినది. అదే సంవత్సరం మన ఎన్నికల సంఘం మార్గదర్శకాల ద్వారా సర్వేలను కట్టడి చేయజూచినది. చట్టబలం లేదని సుప్రీంకోర్టులో తేలగా 1999 సెప్టెంబరులో ఉపసంహరించుకొన్నది. తరువాత ప్రజాప్రాతినిధ్య చట్టంలో 126ఎ విభాగం చేర్చి 2010 ఫిబ్రవరినుండి అమలుచేసినారు. పోలింగు మొదలైనప్పటినుండి చివరి దశ ముగిసిన అరగంటవరకు ఎగ్జిట్ పోల్ ప్రకటిస్తే రెండేళ్ళ వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

2024 జూన్ 1వ తేదీ సాయంత్రం ఆ గడువు తీరగానే, పలు సంస్థలు పాలక కూటమికి 350కి పైగా స్థానాలన్నవి. 3వ తేదీన షేర్ల ధరలు ఎగసినవి. 4వ తేదీన వోట్ల లెక్కింపులో కూటమికి 293 వచ్చినవి, సెన్సెక్స్ ఆ ఒక్కరోజే 4 వేల పాయింట్లకు పైగా పడిపోయినది. ఏ వోటరూ మోసపోలేదు, వోట్లు అప్పటికే పెట్టెలలో ఉన్నవి. నష్టపోయినవారు వేరు. గడియారం చూచి విధించే నిషేధం వీరికి ఏమీ చేయలేదు. ఎవరు డబ్బిచ్చినారు, ఎంతమందిని ఎట్లా ఎంచినారు, ఎంతమంది జవాబు చెప్పలేదు, ఏ మాటలతో అడిగినారు, వోట్లను స్థానాలుగా ఏ లెక్కన మార్చినారు అన్నవి అంకెతోపాటు ప్రకటించాలనడం, నా దృష్టిలో, నిషేధంకన్న మేలైన చట్టం. 2015లో లా కమిషన్ 255వ నివేదిక ఇటువంటి వివరాల వెల్లడిని సిఫారసు చేసినది. పోలింగుకు ముందు 48 గంటలు టెలివిజనుకున్న కట్టుబాటును అచ్చు పత్రికలకు కూడా వర్తింపజేయాలని కూడా అన్నది. 2024 ఎన్నికలు మాత్రం పాత చట్టంతోనే జరిగినవి: సాయంత్రం తెరమీద చూపరాని అంకెను మరునాటి ఉదయం పత్రికలో అచ్చు వేయడానికి 126వ విభాగంలో అడ్డేమీ లేదు.