హాయిల్ ఇసుకలో పానాల చప్పుడు

సౌదీ అరేబియాలో ఉత్తరాన ఉన్న హాయిల్ పట్నంలో 2025 జనవరి 10న, శుక్రవారం, డాకర్ ర్యాలీ ఒక్క రోజు ఆగింది. బీషాలో బయల్దేరిన బండ్లు అలూలా మీదుగా గురువారానికి అక్కడికి చేరాయి. శనివారం పొద్దున మళ్లీ కదిలాయి. నడుమ దొరికిన ఆ రోజును విశ్రాంతి దినం అంటారు. పెద్ద కంపెనీల రైడర్లకు అది నిజంగా విశ్రాంతే. మెకానిక్కులు బండి విప్పుతుంటే వాళ్లు కాసేపు నడుం వాలుస్తారు. మెకానిక్కులెవరూ లేకుండా ఒక్క ట్రంకు పెట్టె విడి భాగాలతో వచ్చే రైడర్లకు, అంటే ట్రంకు పెట్టె రైడర్లకు, మాత్రం ర్యాలీ మొత్తంలో అంత చాకిరీ ఉండే రోజు మరొకటి లేదు. వాళ్ల బండిని వాళ్లే బాగుచేసుకోవాలి. బయటి మెకానిక్కు చెయ్యి పడకూడదు.

 అంతకు ఐదేళ్ల ముందు, 2020 జనవరి 12 ఆదివారం నాడు, మన దేశపు హీరో జట్టు తరఫున ఇదే ర్యాలీలో పరుగెత్తుతూ పోర్చుగల్ రైడర్ పాలో గొన్సాల్వెస్ ప్రాణం విడిచాడు. ఆయన్ని తలచుకోవడానికి, ఇంట్లో పాత మోటార్‌సైకిల్‌ను తామే విప్పి బిగించుకునే వాళ్లందరికీ హాయిల్ ఎంత దగ్గరి ఊరో చెప్పడానికి ఈ నాలుగు మాటలు.

హాయిల్ మొదటినుంచీ బాటసారుల మజిలీ. అజా, సల్మా కొండల నడుమ నీళ్లున్న చోటు. ఉత్తరాన నఫూద్ ఎడారిలో జుబ్బా దగ్గరి రాళ్ల మీద వేల ఏళ్ల కిందటి మనుషులు పశువుల్ని, ఒంటెల్ని చెక్కారు. 2015లో యునెస్కో ఆ రాళ్లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ బొమ్మలు చెక్కిన చాలా కాలానికి కూఫా నుంచి మక్కాకు హజ్ దారి పడింది. హారూన్ అల్ రషీద్ భార్య జుబైదా పేరే ఆ దారికి నిలిచింది. దారి పొడుగునా బావులు, చెరువులు తవ్వించారు. సగం దారిలో, ఇప్పటి హాయిల్ ప్రాంతంలోనే ఫైద్ అనే ఊరు ఉండేది. యాత్రికులు తిరుగు ప్రయాణానికి కావలసిన సామానులో కొంత అక్కడ దాచి ముందుకు సాగేవారు. 14వ శతాబ్దంలో ఆ దారిన నడిచిన ఇబ్న్ బతూతా ఈ ఆనవాయితీని రాసిపెట్టాడు. ఎడారి దాటాలంటే ఏది వెంట తీసుకెళ్లాలి, ఏది వదిలిపెట్టాలి అన్న లెక్క ఆ నేలకు అంత పాతది.

తర్వాతి కొన్ని శతాబ్దాలను చరిత్రకారులు ఒక పేజీలో దాటేస్తారు, నేనూ దాటేస్తాను. 1879 జనవరిలో ఆన్ బ్లంట్ అనే ఆంగ్ల మహిళ భర్త విల్‌ఫ్రిడ్‌తో కలిసి నఫూద్ దాటి హాయిల్ చేరింది. కవి బైరన్‌కు మనవరాలు, కంప్యూటర్ చరిత్రలో మొదట వినిపించే ఏడా లవ్‌లేస్‌కు కూతురు. అమీర్ ముహమ్మద్ ఇబ్న్ రషీద్ గుర్రపుశాల చూడాలని ఆమె అంత దూరం వచ్చింది. నఫూద్ ఇసుకలో గుర్రపు డెక్క ఆకారంలో లోతైన గుంతలుంటాయని వివరంగా రాసింది. ఒక పక్క నుంచి మెత్తగా ఎక్కి, రెండో పక్క ఒక్కసారిగా కిందికి జారిపోయే ఆ ఇసుక వాలులే ఇవాళ్టి రైడర్లనూ పడేస్తున్నాయి.

సరిగ్గా నూరేళ్లకు, 1979 జనవరిలో, ఇంకో ఖండపు ఇసుకలో మొదటి పారిస్–డాకర్ ర్యాలీ ముగిసింది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. థియరీ సాబీన్ అనే ఫ్రెంచివాడు 1977లో ఒక ర్యాలీలో లిబియా ఎడారిలో మోటార్‌సైకిల్‌తో సహా దారి తప్పాడు. చావు అంచు దాకా వెళ్లాడు, వెతకడానికి వచ్చిన విమానం కంటబడి బతికాడు. ఇంకొకరైతే ఇసుక పేరెత్తేవారు కాదు. ఆయన మాత్రం ఆ అనుభవం పదిమందికీ దక్కాలనుకున్నాడు. 1978 డిసెంబరు 26న పారిస్‌లో బండ్లను బయల్దేరదీశాడు. కార్లు, మోటార్‌సైకిళ్లు అన్నిటినీ కలిపి లెక్కేస్తే అందరికన్నా ముందు నిలిచినవాడు సిరిల్ నెవ్యూ అనే 22 ఏళ్ల కుర్రాడు, యమహా ఎక్స్‌టీ 500 మీద.

ఆ బండిని కాస్త దగ్గరగా చూడాలి. ఒకే సిలిండర్, 499 సీసీ, గాలికి చల్లబడే ఇంజిన్. ఆరు వోల్టుల కరెంటు, కాంటాక్ట్ పాయింట్లు, ఒక కార్బురేటర్. సెల్ఫ్ స్టార్ట్ లేదు. హ్యాండిల్ ఎడమ పక్కనున్న డీకంప్రెషర్ మీటను నొక్కి పట్టుకుని, కిక్ రాడ్డును పాదంతో మెల్లగా దించుతూ, సిలిండర్ హెడ్ పక్కనున్న చిన్న అద్దపు కిటికీలోకి చూడాలి. అందులో గుర్తు కనబడితే పిస్టన్ సరైన చోట ఉన్నట్టు. అప్పుడు మీట వదిలి, రాడ్డును పైకి రానిచ్చి, ఒంటి బరువంతా వేసి తొక్కాలి. తొందరపడితే కిక్ వెనక్కి తన్ని కాలికి గట్టి దెబ్బ తగులుతుంది.

పాత బుల్లెట్ నడిపినవాళ్లకు ఈ తంతు కొత్తది కాదు. అక్కడ అద్దపు కిటికీ, ఇక్కడ అమ్మీటర్. తాళం తిప్పి కిక్‌ను మెల్లగా నొక్కుతూ పోతే ముల్లు ఒక పక్కకు వాలుతుంది. పాయింట్లు విడిపోగానే నడిమికి వస్తుంది. డీకంప్రెషర్ లాగి, వెంట్రుకవాసి ముందుకు జరిపి, వదిలి, ఒక్క తన్ను. 1950ల మొదట్లో మన సైన్యం సరిహద్దు గస్తీ కోసం 350 సీసీ బుల్లెట్లు కొన్నాక, 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఇంగ్లండు రెడిచ్ కంపెనీ ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టింది. తిరువొత్తియూరులో తయారైన ఆ ఇనుప ఇంజిన్ పెద్దగా మారకుండా ఈ శతాబ్దం మొదటి దశకం చివరిదాకా తయారవుతూ, మన రోడ్ల మీద గుండె చప్పుడు వినిపించింది.

మా ఇంటి వసారాలో ఉన్నది అలాంటిదే. ఆదివారం పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కుడి పక్క టాపెట్ మూత విప్పుతాను. పిస్టన్‌ను పైకి తెచ్చి, రెండు పుష్‌రాడ్లనూ రెండు వేళ్లతో పట్టి తిప్పుతాను. సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఆడితే టక టక మంటుంది, తిరగకపోతే వాల్వు కాలుతుంది. తర్వాత పాయింట్లు. ఫీలర్ గేజ్‌తో 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల సందు చూసి, నల్లబడ్డ చోట సన్నటి ఎమెరీ కాగితం ఆడించి, శుభ్రమైన గుడ్డతో తుడవాలి. ఈ రెండూ కుదిరితే ఆ వారమంతా మొదటి కిక్కుకే బండి పలుకుతుంది. ఎవరినీ అడగకుండా ఆ పని పూర్తయినప్పుడు కలిగే తృప్తిని నేను ఇంకే పనిలోనూ ఎరగను.

అందుకే ట్రంకు పెట్టె రైడర్లంటే నాకంత ఇష్టం. ఆ విభాగానికి ఒకప్పుడు మాల్ మోటో అని పేరు, ఇప్పుడు ఒరిజినల్ బై మోటుల్ అంటున్నారు. రైడర్ సామానుగా 80 లీటర్ల ట్రంకు పెట్టె, రెండు చక్రాలు, టైర్లు, గుడారం, బట్టల సంచీ. అవి నిర్వాహకుల ట్రక్కులో మజిలీ నుంచి మజిలీకి వస్తాయి. పెట్టెలో పట్టినంతే విడి భాగాలు. క్లచ్ ప్లేట్లు పెడితే ఇంకో ఫిల్టర్‌కు చోటుండదు. ఫైద్ యాత్రికుల లెక్కే ఇది. వందల కిలోమీటర్లు నడిపి వచ్చాక ఇసుకతో నిండిన ఎయిర్ ఫిల్టర్ మార్చాలి, నూనె మార్చాలి, చైను, బ్రేకు ప్యాడ్లు చూడాలి. టైర్లలో గాలి ట్యూబు బదులు గట్టి నురగ చుట్ట ఉంటుంది. దాన్ని రిమ్ములో కూర్చోబెట్టడం ఒక కుస్తీ. అన్నీ అయ్యాక మిగిలిందే నిద్ర. 2019లో పెరూలో ఈ విభాగాన్ని పూర్తిచేసిన మొదటి మహిళ రష్యాకు చెందిన అనస్తాసియా నిఫోంతోవా. ర్యాలీ సౌదీకి వచ్చిన మొదటి ఏడాది, 2020లో, ఇందులో గెలిచింది రొమేనియా రైడర్ ఇమాన్యుయేల్ జెనెస్. పేపర్లలో వీళ్లకు ఒక మూల దొరకడమూ గగనమే. నాకైతే మొత్తం ర్యాలీ విజేత కన్నా వీళ్లే పెద్దవాళ్లు.

గొన్సాల్వెస్ ఈ విభాగంలో లేడు. వెనక పూర్తి జట్టున్న రైడర్, 2015లో రెండో స్థానం సాధించినవాడు. కానీ 2020 జనవరి 7న, నియోమ్ దగ్గర మూడో దశలో ఆయన బండి ఇంజిన్ పోయింది. గెలుపు ఆశ అక్కడితో సరి. 40 ఏళ్ల మనిషి ఆ ఎండలో గంటల తరబడి సహాయ ట్రక్కు కోసం ఎదురుచూశాడు. ట్రక్కు వచ్చాక ఇసుకలోనే ఇంజిన్ దింపి, కొత్తది ఎక్కించి, ఆ రోజు దశ పూర్తిచేశాడు. ఇంజిన్ దింపడమంటే ఏమిటో మెకానిక్ షాపుల ముందు కూర్చున్నవాళ్లకు తెలుసు. నీడలో, అన్ని పనిముట్లతో చేసినా అది తేలిక పని కాదు. రెండు రోజులకు, 9న, ఆయన హాయిల్ చేరాడు. 12న రియాద్ నుంచి వాదీ అల్ దవాసిర్ వెళ్లే దారిలో పడిపోయాడు. ముందుగా ఆగినవాడు ఆస్ట్రేలియా రైడర్ టోబీ ప్రైస్, పందెం సంగతి పక్కనపెట్టి ఆయన దగ్గరే ఉండిపోయాడు. 2016లో కాలు విరిగి పడివున్న మథియాస్ వాల్క్‌నర్ కోసం గొన్సాల్వెస్ కూడా అలాగే ఆగాడు. మర్నాడు మోటార్‌సైకిళ్ల దశ రద్దు చేశారు, హీరో జట్టు ర్యాలీ నుంచి తప్పుకుంది. రెండేళ్లకు, 2022 జనవరి 4న, ఆయన దగ్గరి బంధువు జోవాకిమ్ రోడ్రిగ్స్ హీరో జట్టుకు డాకర్‌లో మొదటి దశ విజయం తెచ్చాడు.

ఇక్కడి నుంచి కథ ఒక దారిన నడవదు. 2021లోనూ విశ్రాంతి దినం హాయిల్‌లోనే. ఆ ఏడాది కేరళ కుర్రాడు హరిత్ నోవా 20వ స్థానంలో నిలిచాడు, 2024లో ర్యాలీ2 విభాగాన్నే గెలిచాడు. మరోపక్క బండ్లు మారిపోయాయి. ఇంధనాన్ని కంప్యూటర్ కొలిచి పోస్తోంది. లోపమేమిటో తెలియాలంటే పానా చాలదు, ల్యాప్‌టాప్ కావాలి. మన దగ్గర 2021 జులైలో కేంద్రం 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. నంబరులో వీఏ అక్షరాలు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల రుసుము, రోజువారీ తిరగడానికి మాత్రం వీల్లేదు. పాత బండిని కాపాడే ప్రయత్నం మంచిదే. కానీ నడవని బండికి సీళ్లు ఎండిపోతాయి, కార్బురేటర్‌లో పెట్రోలు జిగురు కడుతుంది. బండి తిరిగితేనే బతుకుతుంది, చట్టం ఆ సంగతి కూడా చూడాలి.

డాకర్‌లో పాత బండ్ల కోసం 2021లో క్లాసిక్ విభాగం మొదలైంది. అది కార్లకు, ట్రక్కులకే. మొదటి ర్యాలీని గెలిచిన ఎక్స్‌టీ 500కే అందులో చోటు లేదు. నిర్వాహకులు దానికీ తలుపు తెరవాలి. పాయింట్లు, కార్బురేటర్ ఉన్న బండ్లు, ఒక్కో రైడర్‌కు ఒక ట్రంకు పెట్టె, మజిలీ హాయిల్‌లో. అలాంటి పందెం పెడితే మన ఊళ్ల నుంచి ఇనుప ఇంజిన్ బుల్లెట్ వేసుకుని వెళ్లేవాళ్లు తప్పకుండా ఉంటారు.