ఫిరంగి పోత, నిజాం కొలువు, ఒక దివాన్

మహ్‌లఖా బాయి చందా (1768–1824) పేరు ఉస్మానియా ఆవరణలో సాహిత్యం చదివేవారికి కొత్త కాదు. అడిక్‌మెట్ ఆమె జాగీరు. నేటి విశ్వవిద్యాలయపు నేలలో కొంత ఆ జాగీరులోదే. తార్నాకకు చేరువలోని ఇఫ్లూ ఆవరణలో ఆమె మెట్లబావి ఇంకా ఉంది. అయితే ఆమె గజళ్లను దర్బారు సౌందర్యంగా చదవటమే మనకు అలవాటు. ఆ దర్బారును నిలబెట్టిన భౌతిక శక్తి ఏమిటని అడగం. ఆ శక్తిలో ఒక ముఖ్యభాగం ఫ్రెంచి ఫిరంగి.

ఫ్రెంచి సేనాని రేమాఁ 1786లో రెండవ ఆసఫ్‌జా నిజాం అలీ ఖాన్ కొలువులో చేరాడు. ఫతే మైదాన్ దగ్గరి 'తోప్ కా సాంచా', అంటే ఫిరంగుల పోతశాల, అతని పేరుతోనే గుర్తుండిపోయింది. గన్‌ఫౌండ్రీ అనే పేటకు పేరిచ్చింది అదే. మరి ఫ్రెంచివాళ్లు వచ్చేదాకా ఇక్కడ లోహవిద్య లేదా? నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఉక్కుమీద 1722లో గ్రంథం రాసిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రేయోమ్యూర్, తనకు అందిన భారతీయ ఉక్కు ముద్దను సాగగొట్టి పనిముట్టు చేయగల కమ్మరి పారిస్‌లో దొరకలేదని చెప్పాడు. రేమాఁ సమాధి మలక్‌పేట దగ్గర గుట్టమీద ఉంది. కోనసముద్రం కొలిమి ముందు కాలినవారికి సమాధీ లేదు, పేరూ లేదు.

రేమాఁ పటాలం ఫ్రెంచి రిపబ్లిక్ జెండా పట్టింది. బొత్తాలమీద స్వేచ్ఛా చిహ్నమైన టోపీ చెక్కించుకుంది. రాజును కూల్చిన విప్లవ చిహ్నం ఇక్కడ ఒక రాజు కొలువులో జీతానికి నిలిచింది. ఆ జీతమైనా సరిగా అందలేదు. 1798 మార్చిలో రేమాఁ చనిపోయాడు. సెప్టెంబరులో నిజాం ఇంగ్లీషువారితో సైన్యసహకార సంధి చేసుకున్నాడు. బకాయిల కోసం సిపాయిలు తిరగబడి తమ అధికారులనే నిర్బంధించారు. ఆ కడుపుమంటను ఆసరా చేసుకుని కంపెనీ అక్టోబరు 22న పటాలం చేత ఆయుధాలు దించించింది. నెత్తురు చిందలేదు. హైదరాబాదు స్వాతంత్ర్యం మాత్రం పోయింది.

ఆ పనిలో పాల్గొన్న ఇంగ్లీషు అధికారుల్లో కాప్టెన్ జాన్ మాల్కం ఒకడు. చందా తన 125 గజళ్ల దివాన్‌ను కూర్చుకున్నది ఆ 1798లోనే. మరుసటి ఏడు అక్టోబరులో, మీర్ ఆలం ఇంట నాట్యసభలో ఆ దివాన్ ప్రతిని ఆమె నజరుగా సమర్పించింది ఆ మాల్కంకే. ఆ ప్రతి లండన్ చేరింది. ఏడాది తేడాలో ఒకే చేతికి పటాలం తుపాకులూ అందాయి, కవిత్వమూ అందింది. దీన్ని యాదృచ్ఛికమని దాటేసే విమర్శ చరిత్రను సగమే చదువుతుంది. అధికారం ఎటు మొగ్గితే ఆస్థాన కళ కానుక అటే వెళ్లవలసి వచ్చింది. ఇది చందా ప్రతిభకు మచ్చ కాదు. ఆ ప్రతిభ ఏ సంకెళ్లలో వికసించిందో చెప్పే సాక్ష్యం.

తార్నాక పేరులో 'తార్' అంటే కంచెకు కట్టిన ఇనపతీగ అని చెప్పుకుంటారు. తీగ పేరు మిగిలింది కానీ దాన్ని సాగదీసిన వాడి పేరు మిగలలేదు. దివాన్ చదివే విద్యార్థి కొలిమి చరిత్ర కూడా చదవాలి. ఆ పేరులేనివాళ్ల కథ రాయవలసిన బాధ్యత రచయితలది.